వరద కిట్టు కొన్నాను, నీళ్ళు మాత్రం బాత్రూములోంచి వచ్చాయి

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్టుకి నేనిచ్చే మార్కులు ఐదుకి రెండున్నర. అందులో రెండు ఒక్క బ్యాగుకే. మిగిలిన అర మార్కుని నుదుటికి కట్టుకునే హెడ్‌లైటు, ఊదే ఈల పంచుకోవాలి. ఆన్‌లైన్‌లో 'మీ ఇంటికి సంపూర్ణ వరద రక్షణ' అని పెద్దక్షరాలతో రాసి, వానలో తడుస్తూ కూడా నవ్వుతున్న ఒక కుటుంబం ఫొటో పెట్టి 3,499 రూపాయలకి అమ్ముతున్నారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకుని ఇంకో మూడు నాలుగు పేర్లతో కూడా చూశాను, డబ్బా రంగు మారుతుందంతే.

మాది నెల్లూరు, పెన్న బ్రిడ్జి దాటాక వెంకటేశ్వరపురం వైపు. కింద పోర్షన్‌లో మేముంటాం, మేడ మీద అద్దెకున్నవాళ్ళు. 2021 నవంబరు సంగతి ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ, బయటి ఊళ్ళవాళ్ళ కోసం రెండు ముక్కలు. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళూ, పైన కురిసిన వానంతా పెన్నలో కలిసి సోమశిల రిజర్వాయరుకి వచ్చి పడితే, అక్కణ్ణించి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందకి వదిలారు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కూడా కొట్టుకుపోయింది. మా ఇంట్లో నీళ్ళు ఛాతీ దాకా. మేము మేడ మీద, మా సామాను కింద. ఫ్రిజ్జు తేలుతూ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం పడింది, అత్తయ్య కుట్టు మిషను బురదలో కూరుకుపోయింది, బీరువా అడుగు అరలో పెట్టిన ఇంటి దస్తావేజులు ముద్దయిపోయాయి. కరెంటు వచ్చాక ఆ కాగితాలు ఒక్కొక్కటే విడదీసి, పాత పేపర్ల మధ్య పెట్టి, ఫ్యాను కింద మూడు రోజులు ఆరబెట్టాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర ఊదారంగు మరక కింద మిగిలింది.

అప్పట్నుంచీ అక్టోబరు వస్తే నాకు టెన్షన్. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, మిగతా రాష్ట్రం వానలైపోయాయనుకునే టైముకి మనకి మొదలవుతాయి. అందుకే 2025 ఆగస్టులోనే ఈ కిట్టు ఆర్డరు పెట్టాను. మా ఆయన డబ్బా విప్పి ఈల బయటికి తీసి, "ఏందిది, పెన్నొస్తే ఈల ఊది ఆపేదా?" అన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ ఈలే పనికొచ్చిందని ఆయనే ఒప్పుకుంటున్నారు, దాని సంగతి తర్వాత.

బ్యాగుతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించి చెడ్డగా చెప్పడానికేమీ లేదు. ఇరవై లీటర్ల బ్యాగు, మందంగా, పడవల్లో వాడే టార్పాలిన్ లాంటి గుడ్డ, కుట్లు ఉండాల్సిన చోట వేడితో అతికించారు. జిప్పు లేదు. పైభాగాన్ని చుట్టుకుంటూ వచ్చి బకిల్ పెట్టాలి. కొన్నదాన్ని పరీక్ష చెయ్యకుండా నమ్మే దశ 2021తోనే పోయింది కాబట్టి, లోపల నాలుగు టిష్యూ పేపర్లు పెట్టి, మూతి ఒక చుట్టు చుట్టి, నీళ్ళ డ్రమ్ములో ముంచి, తేలకుండా పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. అరగంట తర్వాత తీస్తే ఒక టిష్యూ మూల తడిగా ఉంది. ఛీ అనుకుని, ఈసారి మోకాలితో నొక్కి లోపలి గాలంతా పిండేసి, మూడు చుట్లు బిగించి పెట్టి, మళ్ళీ అరగంట. నాలుగు టిష్యూలూ ఎలా పెట్టినవి అలా వచ్చాయి. చుట్టడంలోనే ఉంది కిటుకంతా. అది డబ్బాలో ఇచ్చిన కాగితం మీద లేదు. ఆ కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంది, మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, వరదొచ్చినప్పుడు ఇంట్లో పగలంతా ఉండేది ఆవిడే. నేను ప్లాస్టర్ ముక్క మీద 'గాలి తీయి, మూడు చుట్లు' అని తెలుగులో రాసి బ్యాగు మీద అంటించాను.

ఇప్పుడా బ్యాగు బీరువాలో ఉండదు, పడగ్గది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంది. అందులో పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్కులు, రేషను కార్డు, బంగారం తాకట్టు రసీదు, అత్తయ్య బీపీ షుగరు మాత్రలు పది రోజులకి, ఆవిడ పాత కళ్ళజోడు, కొంచెం డబ్బు వందలూ యాభైలుగా (సిగ్నల్ పోతే ఫోనుపే ఎవడికి కావాలి, 2021లో పాల ప్యాకెట్టు కొనడానికి చిల్లర లేక ఎంత ఏడ్చామో), ఫోను నంబర్లు రాసిన ఒక కాగితం. దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం, ఆధార్, పదో తరగతి మార్కుల లిస్టు లాంటివి డిజిలాకర్లో పెట్టాం. ఒరిజినల్ దస్తావేజుల్ని లామినేషన్ చేయించకండి, తర్వాత ఆఫీసుల్లో కొర్రీలు వేస్తారు, పైగా ఒక్కసారి లోపలికి తేమ పోయిందంటే మళ్ళీ ఆరబెట్టే దారి కూడా ఉండదు.

హెడ్‌లైటు పర్లేదు. నుదుటికి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ, ఫోను టార్చి నోట్లో కరుచుకుని సామాను మోసే బాధ తప్పింది. కానీ డబ్బా మీద 'వాటర్‌ప్రూఫ్' అని కొట్టొచ్చినట్టు రాసి, వెనక చిన్నక్షరాల్లో ఐపీఎక్స్4 అని వేశారు. ఆ 4 అంటే తుంపర్లు తట్టుకుంటుంది, అంతే. నీళ్ళలో పడినా బతకాలంటే 67 అని ఉండాలి, అంటే మీటరు లోతులో అరగంట. ఏ ఛార్జింగు లైటు కొన్నా ఆ అంకె చూసుకోండి, వాటర్‌ప్రూఫ్ అన్న మాట ఎవరైనా రాసుకోవచ్చు.

చేత్తో తిప్పే రేడియో ఒకటి ఇచ్చారు, దాంతో ఫోను కూడా ఛార్జి అవుతుందట. మా ఆయన పంతం పట్టి పావుగంట తిప్పారు, ఫోను ఒక్క శాతం పెరిగింది, ఆయనకి భుజం నొప్పి మూడు రోజులుంది. మామూలు పవర్‌బ్యాంకు ఛార్జి చేసి పెట్టుకోవడం నయం. రెయిన్‌కోట్లు పెళ్ళి భోజనాల్లో బల్ల మీద పరిచే ప్లాస్టిక్కంత పల్చగా ఉన్నాయి, రెండోసారి తొడిగితే చంక దగ్గర చిరిగిపోయింది. కారు అద్దం పగలగొట్టే సుత్తి ఇచ్చారు, మాకు కారు లేదు, తమ్ముడికిచ్చేశాను. (వాడికి ముందు అద్దం మీద కొట్టకురా, పక్క అద్దం మూల మీద కొట్టు అని చెప్పాను. ముందుది పగిలినా ఊడిపడదు, రెండు పొరలుంటుంది.) అసలు సుత్తి దాకా తెచ్చుకోకుండా వానలో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిల్లో బండి దింపకపోతే చాలు. కదిలే నీళ్ళు మోకాలి కిందున్నా మనిషిని పడేస్తాయి, అడుగు లోతు దాటితే చిన్న కార్లు తేలడం మొదలవుతుంది. ఒకవేళ ఇంజను నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి, సిలిండర్లోకి నీళ్ళు పోయి ఇంజను మొత్తం పోతుంది, దానికి విడిగా ఇంజను కవర్ తీసుకోకపోతే బీమావాళ్ళు కూడా తప్పించుకుంటారు.

ఇక నాకు ఒళ్ళు మండిన వస్తువు. ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలో దూదీ, బ్యాండేజీ, ఓఆర్ఎస్ ప్యాకెట్ల పక్కన ఒక చిన్న పసుప్పచ్చ పంపు పెట్టారు. పాము కరిస్తే విషం లాగేయడానికట! 2021లో నీళ్ళు తీశాక మా బీరువా వెనక పాము కనిపించింది, మా వీధిలో ఇంకో రెండిళ్ళలోనూ కనిపించాయి, అంటే ఇది మాకు సరదా విషయం కాదు. ఆ పంపులు పనిచెయ్యవు, విషం అలా బయటికి రాదు, కరిచిన చోట కండ ఇంకా దెబ్బతింటుంది, అన్నిటికన్నా ఘోరం ఏంటంటే దాంతో కుస్తీ పడుతూ పావుగంట పోతుంది. కొయ్యకూడదు, తాడు బిగించి కట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా పెట్టి, 108కి ఫోను చేసి నేరుగా పెద్దాసుపత్రికి. విరుగుడు మందు అక్కడుంటుంది. ఆ పంపుని నేను చెత్తబుట్టలో వేశాను, మీరూ వెయ్యండి.

నీళ్ళు శుద్ధి చేసే క్లోరిన్ బిళ్ళలు మంచివే, ఒక బిళ్ళ ఇరవై లీటర్లకి. అయితే మాకొచ్చిన ప్యాకెట్టు గడువు ఇంకో మూడు నెలల్లో, అంటే సరిగ్గా తుఫానుల మధ్యలో అయిపోతుంది! కస్టమర్ కేర్‌కి మెయిలు పెట్టాను. 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని వచ్చింది. రెండోసారి పెడితే అదే ఉత్తరం మళ్ళీ వచ్చింది, ఫుల్‌స్టాపుతో సహా. దీనికే ఒక మార్కు కోశాను. బిళ్ళలు వాడేవాళ్ళకి ఒక మాట, బురద నీళ్ళలో వేస్తే లాభం లేదు, ముందు తేర్చి, గుడ్డలో వడకట్టి, అప్పుడు బిళ్ళ వేసి అరగంట ఆగాలి. గ్యాసుంటే అసలు తెర్లకాచి తాగడమే మేలు. సంపులోకి వరద నీళ్ళు దిగితే మాత్రం ఈ బిళ్ళలతో కాదు, మొత్తం తోడించి, గోడలు రుద్ది కడిగించి, మళ్ళీ మంచినీళ్ళు నింపాక బ్లీచింగు పొడి వెయ్యాలి. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, అంటే టీస్పూను నిండా కూడా ఉండదు. మా వీధిలో ఒకాయన గుప్పిటతో వేశాడు, వారం రోజులు వాళ్ళింట్లో అన్నం కూడా స్విమ్మింగు పూల్ వాసన వచ్చింది.

ఇంక అసలు కథ. ఈ కిట్టులో గొప్పగా చెప్పుకునేది నాలుగు 'ఇసుక లేని ఇసుక బస్తాలు'. పొడిగా ఉన్నప్పుడు దిండు గలీబంత పల్చగా ఉంటాయి. నీళ్ళు తగిలితే లోపలున్న పొడి, పసిపిల్లల డైపర్లలో ఉండేలాంటిదే, నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. టబ్బులో వేస్తే ఐదు నిమిషాల్లో నిజంగానే బస్తాలా తయారైంది, నేనొక్కదాన్నే ఎత్తలేకపోయాను. పరీక్షకి ఒకటి ఖర్చయింది, మిగిలినవి మూడు. (మైపాడు వైపు, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు వీటి జోలికి పోకండి. ఉప్పునీళ్ళలో ఈ పొడి సరిగ్గా ఉబ్బదు.)

అక్టోబరులో మొంథా తుఫాను వచ్చింది. 28 రాత్రి తీరం దాటింది అక్కడెక్కడో నర్సాపురం దగ్గర, వాన మాత్రం మాకు. సాయంత్రానికి వీధి కాలవ నిండి రోడ్డెక్కింది, రాత్రి తొమ్మిదికి మా మెట్టు మీదకొచ్చింది. నేను చాలా ధీమాగా ఉన్నాను. మూడు బస్తాలూ గడపకి అడ్డంగా పెట్టి, తలుపు కింద సందులో పాత చీర కుక్కి, హెడ్‌లైటు కట్టుకుని కుర్చీ వేసుకుని కూచున్నాను. బస్తాలు ఉబ్బాయి. బయట నీళ్ళు బెత్తెడు ఎత్తున నిలబడినా లోపలికి ఒక సన్నటి తడిచార తప్ప ఏమీ రాలేదు. ఫొటో తీసి మా చెల్లికి కూడా పంపాను.

పదిన్నరకి బాత్రూములో గుడగుడమని శబ్దం. ముందు పైనవాళ్ళు నీళ్ళు పోస్తున్నారేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే నీళ్ళు పోయే జాలీ టకటకమని కొట్టుకుంటోంది, కింద నుంచి ఎవరో తడుతున్నట్టు. తర్వాత జాలీ పక్కకి జరిగి, నల్లటి నీళ్ళు, నురగ, వెంట్రుకల ఉండ, వెనకే వరసగా బొద్దింకలు. ఆ వాసన గురించి రాయను, అన్నం తినే టైముకి చదివేవాళ్ళుంటారు. కాలవలో నీటిమట్టం మా బాత్రూము గచ్చు కన్నా పైకి పోయింది కదా, ఇంట్లోంచి కాలవకి పోయే గొట్టమే కాలవలోంచి ఇంట్లోకి వచ్చే గొట్టమైంది. నేను వాకిట్లో కాపలా కాస్తుంటే వాళ్ళు దొడ్డిదారిన వచ్చేశారన్నమాట. అత్తయ్య మంచం మీద నుంచే, "తలుపుకి తాళమేసి కిటికీ తీసిపెట్టినట్టుందమ్మా మీ యవ్వారం" అన్నారు.

ఆ రాత్రి ఇంటిని కాపాడింది ఆవిడే. మందపాటి పాలిథీన్ కవరు ఒకటి జాలీ మీద పరిచి, దాని మీద మడతపెట్టిన గోనెసంచి, దాని మీద పొత్రం. టాయిలెట్టు గుంటలోకి ఇసుక నింపిన రెండు కవర్లు. ఇసుక ఎక్కడిదంటే మేడ మీద ప్లాస్టరింగుకి తెచ్చి మిగిలిన బస్తా. 2021కి ముందు ఎప్పుడో వానల్లో వాళ్ళ పుట్టింట్లో ఇలాగే చేసేవాళ్ళట. నీళ్ళు పూర్తిగా ఆగలేదు గానీ ఉరకడం మానేసి ఊరడం మొదలుపెట్టాయి, ఆ ఊటని మేము మగ్గులతో బకెట్లో తోడుకుంటూ తెల్లారగట్ల మూడింటి దాకా. హాల్లోకి రెండు వేళ్ళ ఎత్తు వచ్చి ఆగింది.

కరెంటు సంగతి ఇక్కడే చెప్పాలి. బాత్రూములో నీళ్ళు కనపడగానే మా ఆయన కాళ్ళు తడవకముందే మెయిన్ ఆపేశారు, మంచి పని. ఐదు నిమిషాల తర్వాత చూస్తే హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది! ఇన్వర్టరు. మెయిన్ ఆపితే ఇన్వర్టరు హాయిగా తన పని తను చేసుకుపోతుంది, ప్లగ్గుల్లో కరెంటు అలాగే ఉంటుంది. అదీ ఆపాలి, బ్యాటరీ నేల మీద ఉంటే బల్ల మీదకి ఎక్కించాలి, గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టేసి సిలిండర్ని కిటికీ ఊచకి కట్టాలి, లేకపోతే అది నీళ్ళలో తేలుతుంది. ఈ మూడూ ఆ కిట్టు కాగితంలో లేవు. ఈల ఆ టైములో పనికొచ్చింది, పైనవాళ్ళు తలుపులు బిగించుకుని నిద్రపోతున్నారు, ఫోను ఎత్తడం లేదు, ఈల ఊదితే లేచి వచ్చి ఫ్రిజ్జుని ఇటుకల మీదకి ఎత్తడంలో సాయం పట్టారు.

నవంబరులో ప్లంబర్ని పిలిపించాను. ఆయన డ్రైనేజీ చాంబరు మూత తీసి చూసి, నవ్వి, "ఎన్నార్వీ వేసుకోవాలమ్మా, ఇంటి ముందర ఎన్ని బస్తాలేస్తే ఏముండాది" అన్నాడు. ఎన్నార్వీ అంటే నాన్ రిటర్న్ వాల్వు. నాలుగంగుళాల పీవీసీ గొట్టం లాంటిదే, లోపల ఒక రేకు తలుపు వేలాడుతుంటుంది. ఇంట్లో నీళ్ళు బయటికి పోయేటప్పుడు తోసుకుని తెరుచుకుంటుంది, బయటి నీళ్ళు వెనక్కి తోస్తే మూసుకుపోతుంది. ఇల్లు దాటి వీధి కాలవకి కలిసే చోట, మన చివరి చాంబరులో వెయ్యాలి. వాల్వు స్టోన్‌హౌస్‌పేటలో దొరికింది, పని చేసినందుకు కూలీ, చాంబరు గోడ కొంచెం పగలగొట్టి మళ్ళీ పూసినందుకు మేస్త్రీ, అన్నీ కలిపి మూడు వేల నాలుగొందలైంది. అంటే కిట్టు కన్నా వంద తక్కువ.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. ప్లంబరు వెంట వచ్చిన కుర్రాడు వాల్వుని తిరగేసి బిగించాడు. వాల్వు మీద బాణం గుర్తుంటుంది, అది కాలవ వైపు చూడాలి, మాది ఇంటి వైపు చూస్తోంది. మర్నాడు పొద్దున అందరూ స్నానాలు చేసేసరికి బాత్రూములో పాదాలు మునిగేంత నీళ్ళు, ఈసారి మావే. మళ్ళీ పిలిస్తే ప్లంబరు వచ్చి ఆ కుర్రాణ్ణి ఒక చూపు చూసి, మారుమాట్లాడకుండా మార్చి ఇచ్చాడు, డబ్బులు అడగలేదు. మీరు చేయించుకుంటే చాంబరు మూసేలోపు బాణం మీరే చూసుకోండి, ఒక బకెట్టు పోసి చూసుకోండి. వెళ్తూ ఆయన ఒక మాటన్నాడు, "వాల్వు పెట్టేది నా పనమ్మా. మూడు నెల్లకోసారి తీసి కడిగేది మీ పని. వెంట్రుకలు పట్టుకున్నాయంటే తలుపు పడదు, పడకపోతే అది ఉన్నా లేనట్టే."

డిసెంబరు మొదట్లో మళ్ళీ గట్టిగా పడ్డాయి వానలు. కాలవ నిండింది, వీధిలో పిక్కల దాకా నీళ్ళు. బాత్రూము దగ్గర కూచుని చూశాను, పొత్రం పక్కనే పెట్టుకుని. జాలీ కదల్లేదు. ఒకసారి మాత్రం లోపల ఎక్కడో టప్పుమని చప్పుడైంది, తలుపు పడిందనుకుంటా. దాంతో ఇంకో తంటా ఉంది, వాల్వు మూసుకున్నంతసేపూ మన నీళ్ళు కూడా బయటికి పోవు. స్నానాలు, వాషింగ్ మెషీను, ఫ్లష్షు అన్నీ బంద్. పోస్తే మన నీళ్ళు మన ఇంట్లోనే తేలతాయి. ఆ పూట పిల్లల్ని మేడ మీదకి తోలాను.

అయితే ఒకటి, ఈ వాల్వైనా ఆ బస్తాలైనా వీధి నీళ్ళ వరకే. పెన్న వస్తే ఏదీ ఆపదు, ఆపాలని చూడకూడదు కూడా. సివిల్ ఇంజనీరింగు చదివిన మా తమ్ముణ్ణి అడిగితే, బయట నీళ్ళు రెండడుగులు దాటాక లోపలికి రానివ్వకుండా బిగిస్తే గోడ మీద బరువు పడి గోడకే ప్రమాదం, ఆ దశలో నీళ్ళని రానిచ్చి మనం పోవడమే అన్నాడు. కిట్టు అమ్మేవాళ్ళు ఈ తేడా ఎక్కడా చెప్పరు. నాలుగు బస్తాలు పెట్టి నదిని ఆపుతున్న బొమ్మ వేశారు డబ్బా మీద! మాకు ఉన్న అదృష్టమల్లా సోమశిలలో గేట్లెత్తాక నెల్లూరు చేరడానికి నీళ్ళకి కొన్ని గంటలు పడుతుంది, ఆ గంటలు చాలు సామాను పైకెత్తి, బ్యాగు భుజానేసుకుని బయటపడటానికి. అందుకే ఇప్పుడు తుఫాను అనగానే నేను ముందు వెతికేది సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్న వార్త. ఫోనులో సచేత్ అని కేంద్రం ఆప్ ఉంది, ఉచితం, తెలుగులో కూడా హెచ్చరికలొస్తాయి. నంబర్లు 112, రాష్ట్ర విపత్తుల వాళ్ళది 1070, కరెంటు తీగలు తెగి పడితే 1912. ఇవి అత్తయ్యకి కనపడేలా లావాటి స్కెచ్‌పెన్నుతో రాసి ఫ్రిజ్జు మీద అంటించాను, ఫ్రిజ్జు ఇంకా ఇటుకల మీదే ఉంది, దించబోతే ఆవిడ ఒప్పుకోలేదు.

కొనాలనుకునేవాళ్ళు మొత్తం కిట్టు కొనకండి. బ్యాగు విడిగా ఏడెనిమిది వందలకి దొరుకుతోంది, హెడ్‌లైటు 67 రకం చూసి తీసుకోండి, ఈల ట్రంకు రోడ్డులో ఆటసామాన్ల షాపులో ముప్ఫై రూపాయలు. మిగిలిన డబ్బుతో ముందు మీ చాంబరు మూత తీయించి చూడండి, మీ ఇంటి గచ్చు ఎత్తెంత, వీధి కాలవ ఎత్తెంత అని. మేడ మీద ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి వాల్వుతో పనిలేదు, లిఫ్టూ, సెల్లార్లో బండ్లూ చూసుకుంటే చాలు. సొంత ఇల్లున్నవాళ్ళు ఇంటి బీమా సంగతి కూడా కనుక్కోండి, భారత్ గృహ రక్ష అని 2021 నుంచి అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో ఇస్తున్నాయి, వరద నష్టం అందులో ఉంటుంది, మా ఇంటికి కిందటి నెలే తీసుకున్నాం.

వాడిన మూడు బస్తాల సంగతి అడక్కండి. ఎండలో పెడితే వారమైనా ఆరలేదు, ఒకటి పగిలి అరుగంతా జిగురు జిగురుగా సగ్గుబియ్యం జావ పోసినట్టైంది, చీపురుతో ఊడిస్తే ఇంకా పరుచుకుంది. చలికి కప్పుకోమని ఇచ్చిన వెండి రంగు కాగితం దుప్పటి మాత్రం వృథా పోలేదు. నెల్లూరులో దాన్ని ఎవరు కప్పుకుంటారు గానీ, చీలికలు చేసి డాబా మీద తాడుకి కట్టాం. గాలికి తళతళా మెరుస్తుంటే కాకులు అత్తయ్య వడియాల దగ్గరికి రావడం లేదు.